ఒకే చీటీలో రెండూ

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ చీటీలమ్మ అంటారు. కాగితాల కాలంలో రోగికో ఫైలు ఉండేది. రోగి వచ్చిన ప్రతిసారీ అందులో ఓ చీటీ చేరేది. ఏ మందిచ్చారు, అది పడిందా లేదా అన్నది అందులోనే. ఇప్పుడవన్నీ డేటాబేస్‌లోకెక్కాయి. అయినా పొందిక పాతదే: రోగికో డాక్యుమెంటు, దాని కడుపులో చీటీలు.

ఆ ఉదయం పెద్ద డాక్టరుగారు అడిగిన జాబితా వచ్చింది. ఆపరేషన్లలో వాడే ఒక మత్తుమందు పడనివాళ్లు నలభై ఒక్కరు. పన్నెండో పేరు సొంత అక్కది! గురువారమే అక్కకు కణితి ఆపరేషన్. జాబితాలో పేరుంటే వాయిదా తప్పదు. వాయిదా వేస్తే కణితి ఊరుకుంటుందా?

అక్కకు ఒంటినిండా దద్దుర్లు లేచిన మాట నిజమే. కానీ అది నిరుడు వాడిన దగ్గుమందుకు. మత్తుమందిచ్చింది ఎప్పుడో చెయ్యి విరిగినప్పుడు, అప్పుడేమీ కాలేదు. ఆమెకిది బాగా గుర్తు. అయినా తన మీద తనకే అనుమానం వచ్చింది, అక్క మీద ప్రేమ కళ్లకు గంతలు కడుతోందేమోనని. అందుకే అక్కదాంతోపాటు తక్కిన నలభై డాక్యుమెంట్లూ ఒక్కొక్కటే తెరిచి చదివింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. చదవడం అయ్యాక ఆ జాబితా తీసిచ్చిన ప్రోగ్రామర్ దగ్గరికి వెళ్లింది.

"అమ్మాయ్, కంప్యూటర్ని ఏమని అడిగావు?"

"మందు పేరుండాలి, దద్దుర్లుండాలి అన్నాను మేడం. రెండూ ఉన్నాయిగా?"

"ఉన్నాయి. మందు ఒక చీటీలో, దద్దుర్లు ఇంకో చీటీలో! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావు కదే తల్లీ."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. కంప్యూటరుకు తెలివుందంటారు గానీ, అడిగినదానికే జవాబివ్వడం దాని తెలివి. రెండూ ఒకే చీటీలో ఉండాలన్న షరతు చేర్చి మళ్లీ అడిగింది. తొమ్మిది పేర్లు మిగిలాయి. చీటీలమ్మ చేత్తో రాసుకున్నవీ ఆ తొమ్మిదే.

సాయంత్రం వార్డులో అక్క నవ్వింది. "నా పేరు తీయించావటగా?"

"తీయించలేదక్కా. సరిగ్గా అడిగించాను."

"ఆ తొమ్మిదిలో నేనూ ఉండుంటే?"

"ఉంటే నేనే వెళ్లి డాక్టరుగారికి చదివి వినిపించేదాన్ని."

ఆ మాట అనేసి, పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.