మూడో తరగతిలో మా పిన్ని

మొన్న రాజమండ్రిలో ఉన్నట్టుండి వాన పట్టుకుంటే, పాత అలవాటు కొద్దీ మెయిన్‌రోడ్డులోని గొడుగుల షాపులోకి దూరాను. ఓ నల్ల గొడుగు తీసి పక్కన పెట్టాను. షాపాయన నా వెనకా ముందూ చూసి, "ఒక్కటేనా అండీ?" అన్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు. చాలా ఏళ్ళపాటు అదే షాపులో పిల్లల గొడుగులు డజన్ల లెక్కన కొని, తాడుతో కట్టించుకుని, కండక్టరు చేత చివాట్లు తింటూ కొవ్వూరు బస్సులో మోసుకెళ్ళేదాన్ని. "ఇంక ఒక్కటేనండీ" అన్నాను. అన్నాక పిన్ని గుర్తొచ్చింది. వాన వెలిసినా చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. కొవ్వూరులో కాపురం. అన్నవరం కొండ ఎన్నిసార్లు ఎక్కిందో తనకే గుర్తు లేనంతగా ఎక్కాక, పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఓ ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి ముద్ద దిగాలంటే కథ కావాలి. అదీ పుస్తకంలోది కాదు, అప్పటికప్పుడు అల్లింది. పిన్ని వంకాయలు తరుగుతూ, తాలింపు వేస్తూ కథ అల్లేది. తాలింపు మాడితే కథలో రాజుగారింట్లో కూడా ఏదో ఒకటి మాడేది. ఆ ఏడు నడుస్తున్నది ఓ చీమ కథ. గోదావరి అవతలి ఒడ్డు చూడాలని వాళ్ళమ్మకి చెప్పి, బాదం ఆకు ఎక్కి బయల్దేరిన చీమ. రోజుకి కాస్త చొప్పున నెల్లాళ్ళుగా సాగుతోంది. నాకు అప్పుడు రాజమండ్రిలో ఉద్యోగం. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే, చెప్పులు విప్పేలోపే మా చెల్లి ఆ వారం చీమ పడ్డ కష్టాలన్నీ అప్పజెప్పేది.

ఆకు చిరిగి, చీమ నది మధ్య లంకలో చిక్కుకున్న వారంలోనే పిల్లకి జ్వరం వచ్చింది. అప్పుడది మూడో తరగతి. బడి నుంచి వానలో తడిసి వచ్చిందట. మూడో రోజుకి మనుషుల్ని గుర్తుపట్టలేదు. రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చాక రెండు రోజులే ఉంది. మెదడువాపు అన్నారు. "ఇది వానకి వచ్చేది కాదమ్మా, దోమల వల్ల వస్తుంది" అని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. పిన్ని తల ఊపింది. కానీ ఆ పొద్దున గొడుగు ఇవ్వకుండా పంపించానన్న మాట ఆవిడ లోపల అలాగే ఉండిపోయింది. తర్వాత కథలు సరే, మామూలు మాటలు కూడా మానేసింది.

బాబాయి రైతు. ఏదో ఒక పని పెట్టుకుంటే తప్ప దుఃఖాన్ని మోయలేని మనిషి. కూతురు చదివిన బడికి ఆరు ఫ్యాన్లు ఇచ్చి, రెక్క రెక్కకీ ఎర్ర రంగుతో దాని పేరు రాయించాడు. ఫ్యాన్ తిరిగితే పేరు కనబడదు, కరెంటు పోతేనే కనబడుతుంది. "మనూళ్ళో కరెంటు కోతలకేం లోటు, రోజూ కనబడుతుందిలే" అని నాతో నవ్వబోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని ఆ ఫ్యాన్లు చూడ్డానికి వెళ్ళలేదు.

మాఘమాసంలో దాని పుట్టినరోజు వచ్చింది. "ఒక్కసారి రావే. పిల్లలకి లడ్డూలు పెట్టి వచ్చేద్దాం" అని బాబాయి బతిమాలితే పిన్ని బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్ళాను. నవ్వకూడదని ఎవరో చెప్పినట్టున్నారు, మూడో తరగతి పిల్లలంతా బిగుసుకుని కూర్చున్నారు. పిన్ని తల ఎత్తకుండా పంచుకుంటూ పోయింది. చివరి వరసలో రెండు జడల పిల్ల లడ్డూ తీసుకోకుండా లేచి నిలబడింది.

"అండీ, చీమ ఇంకా లంకలోనే ఉందాండీ?"

టీచరుగారు కూర్చోమని గదమాయించారు. పిన్ని పళ్ళెం నా చేతికిచ్చి, తల ఎత్తి ఆ పిల్లని చూసింది.

"నీకెవరు చెప్పారమ్మా?"

"తనేనండి. రోజూ డ్రిల్లు పీరియడ్‌లో చెప్పేదండి. మిగతాది అమ్మని అడిగి రేపు చెప్తానందండి. మళ్ళీ రాలేదండి."

దాంతో పిల్లలందరికీ నోళ్ళు వచ్చాయి. కొంగ తినేసిందా అని ఒకరు, ఆకు అతికించుకుందా అని ఇంకొకరు. తన కూతురు తన కథల్ని బడి దాకా మోసుకొచ్చేదని పిన్నికి అప్పటిదాకా తెలియదు. టీచరుగారి కుర్చీలో కూలబడింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ కథ అందుకుని, ఓ తాటిపీచు మీద చీమని లంక దాటించింది. సుడిగుండం తప్పించి అవతలి ఒడ్డుకి చేర్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మళ్ళీ ఇంటికొచ్చేసిందాండీ?" అంది రెండు జడల పిల్ల.

"లేదమ్మా. అక్కడే ఉండిపోయింది."

"మరి వాళ్ళమ్మో?"

"ఇవతలి ఒడ్డునే ఉంది. రోజూ అటు చూస్తూ ఉంటుంది."

గుమ్మం బయట బాబాయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాతి శుక్రవారం ఎవరూ పిలవకుండానే పిన్ని ఆఖరి పీరియడ్‌కి వెళ్ళింది. ఆపైన ఏ శుక్రవారమూ మానలేదు. వానలు మొదలయ్యాక, పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని పరిగెత్తే పిల్లల్ని చూసి, గొడుగులు తెమ్మని నాకు కబురు పెట్టింది. డాక్టరుగారి మాటా పోనివ్వలేదు, గొడుగుతో పాటు ఇంటికో దోమతెర ఇచ్చింది. ఎవరి పిల్లకి ఒళ్ళు వెచ్చబడిందని తెలిసినా, వాళ్ళ అమ్మానాన్నల్ని కసిరి మరీ ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళేది. అలా వెళ్ళి బతికి తిరిగొచ్చిన పిల్లలున్నారు. వాళ్ళని పిన్ని ముద్దాడేది కాదు. దూరం నుంచి చూసి ఇంట్లోకి వెళ్ళిపోయేది.

ఆ జూన్‌లోనే హెడ్మిస్ట్రెస్‌గారు, "మీ పాప స్నేహితులంతా నాలుగులోకి వెళ్ళారండి. ఇకనుంచి ఆ క్లాసుకి రండి" అన్నారు.

పిన్ని ఆలోచించలేదు. "వద్దండి. నేను మూడులోనే ఉంటాను" అంది.

ఉంది కూడా. మోకాళ్ళు మొరాయించి, మంచాన పడేవరకూ మూడు దాటలేదు. రెండు జడల పిల్ల డిగ్రీకి వెళ్ళింది, పెళ్ళయింది, పిల్లల తల్లయింది. పిన్ని పోయినప్పుడు వాకిట్లో నిలబడ్డవాళ్ళలో మీసాలొచ్చినవాళ్ళూ, చంకన బిడ్డలున్నవాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకప్పుడు ఎనిమిదేళ్ళవాళ్ళే. కాలం ఏ పిల్లనీ ఆ వయసు దగ్గర ఆగనివ్వదు. ఆగిపోయిన పిల్ల కోసం వెనక్కీ రాదు. చేసే మేలల్లా ఒక్కటే, ప్రతి జూన్‌లోనూ మూడో తరగతి గదిని మళ్ళీ నింపుతుంది.