నడుమెత్తు స్పీకర్లు

పోయిన వారం హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు స్పీకర్లు కొనుక్కుంటూ నన్ను తోడు తీసుకెళ్లాడు. దుకాణం వాళ్లు మమ్మల్ని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, తలుపులు మూసి, ఫ్యాను కూడా ఆపేసి, ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు పెట్టే ముఖాలు పెట్టి పాట వినిపించారు. కాసేపు విని, "కొంచెం తగ్గించండి" అన్నాను. తగ్గించారు. ఇంకా తగ్గించమన్నాను. మూడోసారి అడిగేసరికి, "సార్, ఇక్కడికి వచ్చేవాళ్లందరూ పెంచమంటారు" అన్నాడు అమ్మే ఆయన, కాస్త బాధగానే. ఆయనకేం తెలుసు! మన స్తోమతుకు అందే నిలువు స్పీకర్లు మంచివో కావో తేల్చే విద్య నాకు బొగ్గు గని కార్మికుల సెంటినరీ కాలనీలోని రెండు గదుల క్వార్టర్‌లో అబ్బింది. అక్కడ తీర్పు చెప్పిన మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి. ఆయన మా నాన్న, మా మాటలో బాపు.

బాపు గనిలో డ్రిల్లు మిషన్ పట్టిన మనిషి. ఆ మిషన్ బొగ్గును ఎంత తొలిచిందో ఆయన చెవులను కూడా అంతే శ్రద్ధగా తొలిచింది. చివరికి దవాఖానలో పరీక్షలు చేసి ఇక డ్యూటీకి పనికిరాడన్నారు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుందనేసరికి చుట్టాలంతా నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. బాపు ఎవరి వంకా చూడకుండా అక్క పేరు చెప్పాడు. "ఆడివిల్ల ఓపెన్‌కాస్టుల ఏం చేస్తదిరా?" అని మా పెద్దనాన్న అడిగితే, బాపు నన్ను చూపించి, "వీడేం చేస్తడు?" అన్నాడు. పెద్దనాన్న నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, అక్క పేరుకే తలూపాడు. ఇప్పుడు అక్క ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచి తవ్వే గనిలో, వర్క్‌షాపులో ఇంటంత డంపర్ లారీల కింద దూరి పనిచేస్తుంది. ఆమె హెల్మెట్ ఒకప్పుడు బాపు హెల్మెట్ వేలాడిన మేకుకే వేలాడుతుంది. ఇందులో కళ్లనీళ్లు పెట్టుకోవాల్సిందేమీ లేదు, మా గోడకు ఉన్నది ఆ ఒక్క మేకే. కాలనీలో ఎవరైనా "నువ్వు ఆమె తమ్మునివా?" అని అడిగితే మాత్రం ఛాతీ విరుచుకుని అవునంటాను. ఆ గౌరవం కోసం నేను పడ్డ కష్టం ఆమె తర్వాత పుట్టడం ఒక్కటే.

బాపుకు పాటలంటే ప్రాణం. వంట చేస్తున్న అమ్మ చేత కూడా వంత పాడించేవాడు. చెవులు మందగించాక టీవీ సౌండు పెంచుతూ పోయాడు. గోడ అవతలి వాళ్లకు సీరియల్ కథ కంఠతా వచ్చేసింది గానీ బాపుకు మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఉట్టి ఒర్రుడే. మాట తెలుస్తలేదు" అనేవాడు. చెవి మిషన్ కొనిస్తే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబుకు అంతా స్పష్టంగా వినిపించేది. ఆ తర్వాత ఒకరోజు పాటలే మానేశాడు. ఏ తగాదా లేదు, ప్రకటనా లేదు. టీవీ ముందు నుంచి లేచి బయట అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు, అంతే.

అది చూడలేక అక్క గోదావరిఖని వెళ్లి ఒక జత స్పీకర్లు తెచ్చింది. నేల మీదే నిలబడేవి, నా నడుమెత్తున ఉన్నాయి. అమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఏందే ఇవి, బీరువాల లెక్క? వీటిని నిలవెడితె మనం ఏడ పండాలె?"

"బాపుకు పాట వినవడితె ఉంచుదం అమ్మా. లేకుంటె దుకాణపాయన ఆదివారం లోపు వాపస్ తీసుకుంటనన్నడు. అట్టపెట్టె మాత్రం కరాబు కావద్దన్నడు" అంది అక్క.

దాంతో ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద అట్టపెట్టెకు దక్కింది. దాన్ని మంచం కింద పడుకోబెట్టారు. నేను కింద పడుకున్నప్పుడు ఎవరూ అంత జాగ్రత్తగా చూసింది లేదు.

వింటే తేలిపోతుంది కదా అని మీరనుకోవచ్చు. వినడమే మా కాలనీలో కష్టం. మూడు షిఫ్టుల వరస అది. ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు రాత్రి డ్యూటీ దిగి పడుకుని ఉంటారు. అందుకే మా దగ్గర పిల్లలు కూడా గుసగుసగానే కొట్టుకుంటారు. గట్టి చప్పుడుకు అనుమతి ఉన్నది ఒక్క సమయంలోనే, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో మందుగుండుతో రాళ్లు పేల్చే బ్లాస్టింగ్ అయ్యాక. ఆ దెబ్బకు పడుకున్నవాళ్లు ఎటూ లేస్తారు కాబట్టి, కాసేపు ఎవరేం చేసినా తప్పు పట్టరు. అమ్మలంతా మిక్సీలు తిప్పేది అప్పుడే, మేకులు కొట్టేది అప్పుడే, మొగుళ్లను తిట్టేదీ అప్పుడే. స్పీకర్ల పరీక్ష కూడా అప్పుడే పెట్టుకున్నాం.

నస్పూర్ నుంచి మా మేనబావ వచ్చాడు. ఫోనులో స్పీకర్ల వీడియోలు చూసీ చూసీ పండిపోయిన మనిషి. వచ్చీ రాగానే వైర్లు బిగించి, బాపును మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బ్లాస్టింగ్ హెచ్చరిక సైరన్ మోగింది. అందరం ఎదురుచూశాం. ఎంతసేపటికీ బ్లాస్టింగ్ రాలేదు. "ఇయ్యాల లేనట్టున్నదిరా" అని బావ పాట పెట్టేశాడు. డప్పులు అందుకున్నాయో లేదో నేల అదిరింది, కిటికీ వణికింది, షెల్ఫులో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

"చూసిన్రా! గిదీ బేసంటె!" అని బావ కుర్చీ ఎక్కినంత పని చేశాడు.

"ఔనే, గ్లాసులు సుత కదిలినయ్" అంది అమ్మ. పుట్టినప్పటి నుంచి బ్లాస్టింగులు వింటున్న నేను కూడా తలూపాను. అంతగా విన్నాం గనుకే మేం దాన్ని వినడం ఎప్పుడో మానేశాం. అక్క బాపు చెవి దగ్గర వంగి, "వినవడ్డదా బాపూ?" అంది. బాపు నవ్వుతున్నాడు.

"వినవడ్డది బిడ్డా. గానీ అది నీ డబ్బలది కాదు. మన బాయిది." కిటికీ వైపు చేయి చూపించాడు. బాయి అంటే గనే. అటు బ్లాస్టింగ్ దుమ్ము ఎర్రగా లేస్తోంది.

అక్క ముఖం వాడిపోయింది. "పోనీ, ఓపెన్‌కాస్టునే వాపస్ ఇద్దామా బావా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో మంచి జోకులకు విలువ లేదు.

బావ సౌండు ఇంకా పెంచాడు. బాపు రెండు చెవులూ మూసుకున్నాడు. "పెద్దగైతె అంత గుయ్యిమంటది బిడ్డా. ఒద్దు." అక్క మంచం కింది నుంచి అట్టపెట్టె బయటికి లాగింది. ఇక్కడ బావ గురించి ఒక మంచి మాట చెప్పాలి. చెప్పే అవకాశం మళ్లీ రాకపోవచ్చు. "ఆగు. మూలకు పెట్టినం గదా, గందుకే మోత. గోడకెళ్లి జరుపుదం" అన్నాడు. బియ్యం డ్రమ్ము వంటింట్లోకి పోయింది, మంచం అడ్డం తిరిగింది, స్పీకర్లు గోడ వదిలి బాపు వైపు మొహం తిప్పాయి. పాట మళ్లీ మొదలవగానే గోడ అవతలి నుంచి, రాత్రి డ్యూటీ దిగి పడుకున్న పక్కింటి కాక గొంతు వచ్చింది. "బ్లాస్టింగ్ అయిపాయె! మీదింక ఒడుస్తలేదా? నన్ను పండుకోనియ్యరా?"

వరసకు బాబాయైన ఈ కాక కోపానికి కాలనీ మొత్తం జడుస్తుంది. అక్క ఉలిక్కిపడి సౌండు బాగా తగ్గించేసింది. ఇద్దరు ఆడవాళ్లు పాడిన బతుకమ్మ పాట అది. ఒకామె ఎత్తుకుంటే రెండో ఆమె వెనక నుంచి సన్నగా అందుకుంటుంది. అంత చిన్న సౌండులోనూ ఇద్దరూ విడివిడిగా, పక్కగదిలో కూర్చుని పాడుతున్నట్టు వినిపించారు. అక్క చేయి ఇంకా తగ్గించబోతుంటే బాపు "ఆగు" అన్నాడు.

కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. కాసేపటికి అన్నాడు, "ఈమె వెనుక ఇంకొకామె ఉండాలె గదా అనుకుంటుంటి. ఉన్నది. ఎటు వోయిందే ఇన్ని దినాలు?"

గనిలో చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టడాన్ని నాగా అంటారు. నేను బాపు చెవిలో, "నాగాలు పెట్టింది బాపూ. ఇయ్యాల్నే డ్యూటీ ఎక్కింది" అన్నాను. బాపు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నా జోకుకు మా ఇంట్లో వచ్చిన మొదటి నవ్వు అది. అమ్మ గోడ వైపు తిరిగి, డ్రమ్ము జరిపితే లేచిన దుమ్ము కంట్లో పడిందంది. అంత దుమ్ము లేదు.

పాట అయ్యాక అక్క లేచి అట్టపెట్టెను నేల మీద పరిచి, రెండు కాళ్లతో ఎక్కి చదునుగా తొక్కేసింది.

"ఓసి నీ! కరాబైతె వాపస్ ఎట్ల తీసుకుంటరే?" అంది అమ్మ.

"తీస్కోవద్దనే" అంది అక్క.

ఆమె నాకంటే ఎప్పుడూ పొడుగే. అప్పుడు అట్టముక్క మీద నిలబడితే ఇంకా పొడుగ్గా కనిపించింది. బావ ఒక్కడే, ఇంకో రకంలో అయితే బేసు బాగుండేదని గొణుగుతూ బండి ఎక్కాడు.

బాపు చెవులు ఇంకెన్నాళ్లు ఇలా ఉంటాయో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ రోజుకైతే రెండో ఆమె వినిపిస్తోంది. రేపటి సంగతి పొద్దున లేచి పాట పెట్టాకే తెలుస్తుంది, కాలం మా ఇంటికి ఇప్పుడు అలా ఒక్కో రోజుగానే వస్తోంది.