డ్రమ్ముల వెనక ఎర్రటి మంచు

మంచుకొండల మీది మిలిటరీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. గాలి కోసేస్తోంది. రెండువేల దశకం మొదట్లో మాట ఇది. పోస్టంటే మంచులో సగం దిగబడిన రెండు ఫైబర్ గుడిసెలు, ఒక రేడియో, కిరోసిన్ స్టవ్వు, ఆరుగురం మనుషులం. వీపు మీది మూట దించకముందే హవల్దారు ఆర్డరిచ్చాడు. ఒంటేలుకు కిరోసిన్ డ్రమ్ముల వెనక్కే వెళ్ళాలి. పోశాక వెనక్కి తిరిగి రంగు చూసుకోవాలి.

అంత ఎత్తులో దాహం తెలియదు. తెలియకుండానే ఒళ్ళు ఎండిపోతుంది. తెల్లటి మంచు మీద మూత్రం రంగు దాగదు కనుక అదే మాకు కొలత. రోజూ ఉదయం ఆరింటికి నర్సింగ్ అసిస్టెంట్ ఒక్కొక్కరినీ అడిగేవాడు. చిత్తూరు వైపు కుర్రాడు, నన్ను అన్నా అనేవాడు. నీళ్ళలా ఉందంటే సరే. పసుపెక్కిందంటే కరిగించిన మంచునీళ్ళు రెండు మగ్గులు తన ఎదుటే తాగించేవాడు. మాకు తెలిసిన జవాబులు ఆ రెండే. ఆ తర్వాత రేడియో ఆపరేటర్ కింది క్యాంపుకు "పోస్ట్ ఓకే" అని చెప్పేవాడు.

నేను సెలవు నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఒకనాడు వెనక్కి తిరిగి చూస్తే మంచు ఎర్రగా ఉంది. నన్నారి షర్బత్ ఒలికినట్టుంది. నొప్పి లేదు, మంట లేదు.

సెలవుకెళ్ళొచ్చిన ఫౌజీకి అక్కడ రక్తం పడిందంటే గుడిసెలో ఒకటే అర్థం. దారిలో ఏ ఊళ్ళోనో కాలు జారి రోగం తగిలించుకున్నాడని. నేను జారలేదు. అయినా వాళ్ళు నవ్వే నవ్వులు తలుచుకుంటేనే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. బూటుతో మంచు తోసి కప్పేశాను.

"రంగు ఎట్లుంది అన్నా?"

"పసుపెక్కింది," అన్నాను.

పాపం, రెండు మగ్గులు పోశాడు. మర్నాటికి నీళ్ళలా తేటగా వచ్చింది. నీళ్ళే పనిచేశాయని సంబరపడి సిగరెట్ వెలిగించాను. భర్తీ అయిన ఏడాది నుంచీ ఉన్న అలవాటది. కొన్ని వారాలకు మళ్ళీ ఎర్రగా వచ్చింది. మళ్ళీ కప్పాను, మళ్ళీ నీళ్ళు తాగాను, మళ్ళీ ఆగింది. పోస్ట్ ఓకే.

టూరు ముగిసింది. కొన్నాళ్ళకు సర్వీసూ ముగిసి మా ఊరు పుదుచ్చేరి వచ్చేశాను. ఇందిరా నగర్‌లో అందరికీ మిలిటరీ మామనయ్యాను. దండ వేశారు, శత్రువును చూశావా అని అడిగారు. ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. లోపల మాత్రం రక్తం వస్తూ పోతూనే ఉంది. ఒంటివేడిని మావాళ్ళు సూడు అంటారు. ఇదీ సూడేనని నాకు నేనే సర్దిచెప్పుకుని తేంగాయితిట్టు దారిలో కొబ్బరిబోండాలు తాగేవాణ్ణి. ఆగిపోయేది. ఆగినప్పుడల్లా గెలిచాననుకునేవాణ్ణి.

ఒకరోజు మోటారు చెడి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి, ఎరుపు కడగలేకపోయాను. నా వెనకే మా ఆవిడ సరస బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది.

"ఏంది ఇది?"

బీట్‌రూట్ తిన్నానన్నాను.

"మనింట్లో వండిందే లేదు. యాడ తిన్నారు?"

ఆ సాయంత్రమే ఆటో ఎక్కించింది.

ఆస్పత్రిలో కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపి చూశారు. మూత్రాశయంలో గడ్డ. పరీక్షలన్నీ అయ్యాక అది క్యాన్సరనీ, కండలోకి దిగిందనీ తేలింది. డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. సిగరెట్టు విషం మూత్రంలోకి దిగి ఆ సంచిలోనే నిలుస్తుందట. నొప్పి లేకుండా రక్తం పడటమే చాలామందిలో మొదటి గుర్తట. ఒక్కసారి పడి ఆగినా చూపించుకోవాలట. మాటిమాటికీ పోవాలనిపించడం, మంట కూడా గుర్తులే కావచ్చట. ఇన్‌ఫెక్షన్ వల్లో రాయి వల్లో కూడా రక్తం రావచ్చు, కానీ అది పరీక్ష చేసి తేల్చాల్సిన సంగతి, మనం అనుకుంటే సరిపోదు అంది. తర్వాత మొదటిసారి ఎప్పుడు చూశావని అడిగింది.

సరస పక్కనే ఉంది. తల వంచుకుని, పోస్టులో అన్నాను. అప్పుడే వచ్చి ఉంటే గొట్టంతోనే గీకి తీసేయగలిగేవాళ్ళమేమో, ఇప్పుడు సంచి మొత్తం తీయాలి అంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద సరస రిపోర్టులు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది. నేను చెడిపోయానని అనుకుంటావని భయపడ్డానన్నాను.

"అనుకునేదాన్నేమో," అంది. "అనుకున్నా గానీ, ఆస్పత్రికి తోడుకొని పొయ్యుంటా."

అంతకాలం మంచులో నిలబడ్డవాణ్ణి ఆ బెంచీ మీద కూర్చోలేకపోయాను.

ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది. ఇప్పుడు పొట్టకు అతికించిన సంచిలోకి మూత్రం వస్తుంది. మొదట్లో దాన్ని ఎవరు చూస్తారోనని వీధి గడప దాటలేదు. వదులు చొక్కా కిందా సిగ్గుగానే ఉండేది, నేటికీ పూర్తిగా పోలేదు. అయినా టీ కొట్టు దగ్గర శత్రువును చూశావా అని ఎవరైనా అడిగితే చూశానంటాను. ఎలా ఉంటాడని అడిగితే ఈ కథ చెబుతాను. కొందరు నవ్వుతారు. ఒకతను మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. అతన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

కొండలు మరిచిపోయాను, చలి మరిచిపోయాను. డ్రమ్ముల వెనక ఆ ఉదయం మాత్రం పోదు. తెల్లటి మంచు తోసి కప్పుతాను. కింద నుంచి ఎరుపు మెల్లగా పైకి ఇంకుతుంది. మళ్ళీ కప్పుతాను. గుడిసెలోంచి ఆ కుర్రాడు పిలుస్తూనే ఉంటాడు, రంగు ఎట్లుంది అన్నా అని.