అశ్వర్థమ్మక్క చేను కోయాల్సిన రోజు

2022 మే నెల. పెనుకొండకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఊరు. అక్కడ అశ్వర్థమ్మక్కకు ఉన్న రెండెకరాల ఎర్రనేలలో తొలకరికి ముందే కవర్ క్రాప్ విత్తనాలు చల్లించాను. రైతులకు సాగు మెళకువలు చెప్పే క్షేత్ర కార్యకర్తగా అప్పటికి నాకు తొమ్మిదేళ్ల అనుభవం. మాది హిందూపురం పక్కన పల్లె. చిన్నప్పుడు నాయన మడక వెంట తిరిగి పెరిగినదాన్ని, చేను సంగతి ఇంకొకరు నాకు చెప్పేదేముందని అనుకునేదాన్ని.

కవర్ క్రాప్ అంటే అమ్ముకునే పంట కాదు, నేలకు దుప్పటిలా కప్పే పంట. అలసంద, పెసర, జనుము, సజ్జ, నువ్వు ఇట్లా పదీ పన్నెండు రకాలు కలిపి మే నెలలో పడే చిన్న వానకు చల్లుతాం. యాభై రోజులు తిరక్కముందే, పూత మీద ఉన్నప్పుడు కోసి అక్కడే పరుస్తాం. అది కుళ్లి నేలకు బలమిస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. ఆ మీదట వేరుశనగ, మా మాటలో శెనక్కాయ, విత్తుకోవచ్చు. చెప్పడానికి ఇంత తేలిక గానీ, "తినేదానికీ కాదు, అమ్మేదానికీ కాదు, మరి ఎవురికమ్మా ఈ పంట?" అని అడగని రైతు నాకు తగల్లేదు.

అశ్వర్థమ్మక్క మాత్రం ఎక్కువ అడగలేదు. అంతకుముందు వరసగా రెండేళ్లు ఆమె శెనక్కాయ చెట్టు కాయ పట్టకముందే, ఊడల దశలోనే ఎండిపోయింది. భర్త బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. "ఈ ఏడు కూడా పోతే చేను గుత్తకిచ్చి నేనూ ఆయప్ప దగ్గరికి పోతా. పిల్లోళ్లను హాస్టల్లో ఏస్తా" అని చెప్పి నా విత్తనాలు తీసుకుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఊళ్లోని బడిలోనే చదువుతున్నారు.

ఇప్పుడు నాగేంద్ర గురించి చెప్పాలి. పక్క ఊరికి అతను కార్యకర్త. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి అబ్బాయి. మగ్గాలకు పని తగ్గాక ఈ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చేరిన కొత్తలో జనుము విత్తనం ఏదో, పెసర ఏదో తెలిసేది కాదు. అరచేతిలో పోసి నేర్పించింది నేనే. అట్లాంటివాడి ఊళ్లో ముప్పై మంది రైతులు కవర్ క్రాప్ వేస్తే, నేను చూసే ఊళ్లో తొమ్మిది మంది. మీటింగులో అధికారి ఏ మాట ఎత్తినా "నాగేంద్ర ఊళ్లో చూడండి" అనేవాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాడు నాకు సేద్యం చూపించాలా? నిజం చెప్తున్నాను, కడుపు మండిపోయేది.

జూన్ మూడో వారంలో మా ఫోన్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నాగేంద్ర తన రైతు చేన్లో నిలబడ్డాడు, సజ్జ అతని ఛాతీ దాకా ఉంది. కింద అందరి మెచ్చుకోళ్లు. మా వాళ్లకు పచ్చిరొట్ట ఎంత పెరిగిందన్నదే లెక్క. దాన్ని బయోమాస్ అంటారు. అశ్వర్థమ్మక్క చేను నా నడుము దాకా కూడా రాలేదు. పది రోజుల్లో పైనుంచి ఒక బృందం చూడటానికి వస్తుందని అదే గ్రూపులో రాశారు.

మరుసటి రోజు పొద్దున అశ్వర్థమ్మక్క నన్ను గట్టు మీద ఆపింది.

"సుజాతమ్మా, పూతొచ్చె. రేపటికి నలుగురు మనుషుల్ని పిల్చుకున్నా. కోసేస్తాం."

"పది రోజులు ఆగక్కా. ఇంకొంచెం పెరిగితే భూమికి బలం" అన్నాను.

"ఈలోపల వానొస్తే?"

"ఇప్పుడే యాడొస్తుంది లేక్కా."

ఆమె నా ముఖం ఒక్కసారి చూసి, సరేనని మనుషులకు వద్దని చెప్పి పంపింది. నేను చెప్పింది పూర్తి అబద్ధం కాదు. పచ్చిరొట్ట పెరిగితే నేలకు మంచిదే. కానీ పూత దాటితే కాడ ముదురుతుందనీ, ముదిరిన కాడ తొందరగా కుళ్లదనీ నాకు తెలుసు. అది చెప్పలేదు. నా కళ్ల ముందు ఉన్నది ఆమె చేను కాదు, నాగేంద్ర ఫొటో.

ఆరో రోజు సాయంత్రం వాన మొదలై రెండు గంటలు దంచింది. వాన తర్వాత విత్తడానికి సరిపడా తేమ నేలలో ఉండే కాలాన్ని పదును అంటాం. మా ఎర్రనేలల్లో అది మూడు రోజులు, మబ్బుంటే నాలుగు. తెల్లారేసరికి ఊరు ఊరంతా విత్తడానికి దిగింది. కోతకు పిలిస్తే వచ్చే మనిషి లేడు. ట్రాక్టర్లన్నీ ఎవరో ఒకరు మాట్లాడుకున్నవే. అశ్వర్థమ్మక్క ఇంట్లో గంపల నిండా ఒలిచిన విత్తనం ఉంది. ఒలిచిన శెనగవిత్తు ఎక్కువ రోజులు నిలవదు. చేన్లో మాత్రం నడుము దాకా పచ్చ పంట.

"అందురూ ఇత్తుతాండారు. నేను గట్టు మీద కూకోని సూస్తాండా" అని ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆ రోజంతా నేను ట్రాక్టర్ కోసం తిరిగాను. హిందూపురం దారిలో ఉన్న ఊళ్లకు కూడా ఫోన్లు చేశాను. ఒక్క నాగేంద్రకు తప్ప. అతని రైతులు సమయానికి కోసుకున్నారని నాకు తెలుసు. అడిగితే ఏదో ఒక దారి చెప్తాడనీ తెలుసు. ఫోన్ రెండుసార్లు తీసి మళ్లీ బ్యాగులో పెట్టాను. అశ్వర్థమ్మక్క పదునులో ఒక పూట అట్లా నా బ్యాగులోనే పోయింది.

రెండో రోజు పొద్దున చేనికి పోయేసరికి నాగేంద్ర అక్కడే ఉన్నాడు. అశ్వర్థమ్మక్కే ఎవరినో అడిగి అతని నెంబరు పట్టిందట. వెనక రెండు వందల గొర్రెలతో ఈరన్న అనే కాపరి. కోత అయిపోయిన చేలల్లో ఎరువు కోసం మంద నిలిపించుకోవడం మా పక్క ఉన్నదే. నిలిచిన పంటలోకి గొర్రెల్ని తోలడం మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

"ఇది భూమికి ఇయ్యాల్సింది నాగేంద్రా, గొర్రెలకు మేపేది కాదు" అన్నాను. ఆ స్థితిలో కూడా నా నోరు ఊరుకోలేదు.

"గొర్రె తిన్నది ఈడనే ఏస్తుంది కదక్కా" అన్నాడు మెల్లగా. కోతకు మనుషులు దొరక్కపోతే ఎట్లని వేసవిలోనే తన ఊరి పెద్దవాళ్లను అడిగాడట. వాళ్లు చెప్పిన దారి ఇది. నేను ఎవరినీ అడగలేదు, అన్నీ తెలిసినదాన్ని కదా.

ఈరన్న గట్టు మీదే ఆగాడు. "జొన్నేమన్నా ఏసినారామ్మా? లేత జొన్నలో ఇసం ఉంటాది, తింటే నాము పట్టి సస్తాయి."

"జొన్న లేదన్నా, సజ్జ వేసినాం." ఆ రెండు రోజుల్లో నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

"పచ్చి అలసంద ఒక్కతూరి తింటే కడుపు ఉబ్బుతాది. అందుకే ఎండుగడ్డి మేపి తోలుకొచ్చినా" అని మందను లోపలికి వదిలాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి చేన్లో మోడులు మాత్రం మిగిలాయి. అప్పటికి విత్తడం అయిపోయిన పక్కచేని ఆయన ఎద్దుల్ని కట్టి గుంటక తోలాడు. నాలుగో రోజు విత్తనం పడింది. మబ్బు ఉండబట్టి బతికిపోయాం. అయినా పడమటి వైపు అరెకరంలో తేమ ఆరిపోయి మొలక రాలేదు. చూడటానికి వచ్చిన బృందానికి చూపించడానికి నా దగ్గర ఒక్క మొక్క లేదు. వాళ్లు ఈరన్న గొర్రెల్ని ఫొటో తీసుకుని పోయారు.

ఆగస్టులో ఇరవై రోజులు వాన లేదు. చుట్టుపక్కల చేలల్లో శెనక్కాయ చెట్లు మధ్యాహ్నానికి వాడి వేలాడేవి. అశ్వర్థమ్మక్క ఎకరన్నర నిలబడింది. మన్ను పిడికిట పట్టుకుంటే గుల్లగా, లోపల చల్లగా ఉండేది. కాయ బాగా ఊరింది. ఆమె బెంగళూరుకు పోలేదు, పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. ఖాళీగా మిగిలిన అరెకరంలో ఉలవలు చల్లుకుంది.

కాయ పెరికే రోజున నేను పోతే చేతిలో నాలుగు పచ్చి కాయలు పెట్టి అడిగింది. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు ఆగమని చెప్తివే, నువ్వు సూసింది నా చేనా, నాగేంద్ర వాళ్ల ఊరి చేనా?"

నేనూ వంగి పక్క సాలు పెరకడం మొదలుపెట్టాను. ఆమె పెరుకుతూ ముందుకు పోయింది.

అప్పటినుంచి విత్తనం చల్లిన రోజే, కోసే రోజు ఏదో రైతునే చెప్పమంటాను. దాన్ని వెనక్కి జరిపే మాట నేను ఎత్తను, ఎవరు చూడటానికి వచ్చినా సరే. ఈ ఉద్యోగంలో చేను మనది కాదు, సలహా ఒక్కటే మనది. అది తప్పితే ఎండేది రైతు గొంతు. నాగేంద్ర మీద కుళ్లు పోయిందా అంటే పోలేదు. దాన్ని తీసుకుని రైతు గట్టు ఎక్కకూడదని మాత్రం తెలిసింది.

మరుసటి ఏడు వేసవిలో విత్తనాల సంచి తీసుకుని ఆమె ఇంటికి పోయాను. కాఫీ ఇచ్చింది. "ఇత్తనాలు నువ్వే కలిపియ్యి సుజాతమ్మా, నీ చెయ్యి మంచిది. కోసేది ఎప్పుడని సెప్పేదానికి మాత్రం నాగేంద్రను రమ్మను" అంది.

విత్తనం చల్లిన రోజు నేనే ఫోన్ చేసి పిలిచాను. నాగేంద్ర వచ్చాడు. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. వచ్చి అశ్వర్థమ్మక్కను అడిగాడు, "నువ్వు ఎప్పుడనుకుంటాండావక్కా?"

"పూతొచ్చిన మర్రోజు" అంది ఆమె.

"అట్లే కొయ్యి" అన్నాడు.