రెండు జాబితాల నడుమ

మా పెద్దసారు పోయారని మొన్న పొద్దున సీతాఫల్‌మండి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఉపాధి కార్యాలయంలో నాకు పని నేర్పిన మనిషి. ఆ మాట వినగానే ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట వ్యాపారాలు దెబ్బతిని ఫ్యాక్టరీలు మూతపడుతుంటే, పని పోయినవాళ్లకు పనీ, కూలీ ఇచ్చేందుకు ఢిల్లీ ఒక పథకం, రాష్ట్రం ఒక పథకం పెట్టాయి. ఒక మనిషికి రెండూ ఇవ్వకూడదు. ఎవరు ఎందులో ఉన్నారో ఇద్దరికీ రాసి పంపడం మా పని. బొల్లారంలో మూతపడ్డ ఒక కంపెనీ వాళ్ల గురించి నేను ఢిల్లీకేమో రాష్ట్రం చూసుకుంటోందని, రాష్ట్రానికేమో ఢిల్లీ చూసుకుంటోందని రాశాను. అవతలివాళ్లు చూసుకుంటున్నారని రెండు వైపుల నుంచీ వచ్చిన ఉత్తరాలు నమ్మాను మరి! రెండు చోట్లా వాళ్ల పేర్లు కొట్టేశారు.

సారు కేకలెయ్యలేదు. "జెర నడువు బిడ్డా" అని స్కూటరెక్కించుకుని బొల్లారం తీసుకెళ్లారు. ప్రతి ఇంటి ముందూ చెప్పులు విడిచి, "తప్పు మాది. మళ్ల రాస్తున్నం" అన్నారు. ఒకింట్లో తలుపు తీసినామె, "ఇప్పుడొస్తే ఏం లాభం సార్? మా ఆయన ఇల్లిడిసి పోయి వారమాయె" అంది. సారు ఆ గడప మీదే కూలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు అన్నారు: "చిన్నమ్మ పెట్టిందని పెద్దమ్మ, పెద్దమ్మ పెట్టిందని చిన్నమ్మ ఊకుంటే, పిల్లగాడు పస్తే గద. పిల్లగాన్నే అడగాలె, తిన్నవారా అని."

అప్పటినుంచి జాబితా పంపేముందు పేరుపేరునా ఫోన్ చేసేవారు. "అన్నా, పనికి పిలిచిన్రా? పైసలు సుత వచ్చినయా?" చాయ్ చల్లారిపోయేది. సారుకు సికింద్రాబాద్ అంతా చుట్టాలేనని మేం నవ్వుకునేవాళ్లం. రిటైరయ్యాక కూడా నాకు ఫోన్ చేసి అదే ప్రశ్న: "అందర్ని అడిగినవా?" నిజం చెప్పొద్దూ, విసుగొచ్చేది.

ఇప్పుడు మళ్లీ అవే రోజులొస్తున్నాయి. ఆఫీసు తెరవకముందే గేటు దగ్గర జనం. మళ్లీ రెండు పథకాలు, రెండు ఉత్తరాలు. ఈసారి కంప్యూటరే సరిచూస్తుందట, మనం సంతకం పెడితే చాలట. పోయిన నెల పెట్టేశాను. ఆ సాయంత్రం సారు అడిగితే, "అందర్నీ అడిగాను సార్" అని అబద్ధమాడాను. "మంచిది బిడ్డా" అన్నారు. అదే ఆయన నాతో అన్న చివరి మాట. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న దహనం నుంచి వచ్చి స్నానం చేసి, ఆ జాబితా ముందేసుకుని కూర్చున్నాను. మొదటి నంబరు పనిచెయ్యలేదు. రెండోది వాళ్లకు ఇల్లు అద్దెకిచ్చినావిడ ఎత్తింది.

"వాళ్లా? ఖాళీ చేసి పోయిన్రమ్మా. కిరాయికి బదులు గీ ఫోన్ ఇచ్చి పోయిన్రు."

ఎటు పోయారని అడిగాను. తెల్వదంది.

మూడో నంబరు కలిపాను. మోగుతోంది, మోగుతూనే ఉంది.