నిలబడ్డ నీరు

నేను మాయాబందర్‌లో రేవు ఆఫీసు ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందిది. రాబోయే నెలలో గంటగంటకీ సముద్రపు మట్టం ఎంత ఉంటుందో ఆఫీసు కంప్యూటర్‌లో ఉండేది. ముందు గంట కంటే, తర్వాతి గంట కంటే ఎక్కువున్న అంకెను ఏరమని క్వెరీ రాసి, అలా వచ్చిన పోటు వేళల పట్టీని గర్వంగా జెట్టీ గోడకు అంటించాను. పున్నమినాడు పొద్దున పోటు లేదని అందులో చూసి, మా పాప స్కూలువాళ్లు పిల్లల్ని సముద్రంలో తేలే ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్దామనుకున్నారు.

ముందురోజు, పడవ నడిపే అప్పలస్వామి మావయ్య ఆ పట్టీ ఎవరిచేతో చదివించుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏటమ్మా, రేపు పున్నమి గదా, పొద్దున్న పోటేదీ? ఆ దిబ్బ పూరా ములిగిపోద్ది!"

అంకెలు తెరిచి చూశాను. పున్నమి పొద్దున తొమ్మిదికీ పదికీ ఒకటే మట్టం, అటూ ఇటూ గంటలకంటే ఎక్కువ. రెండూ సమానం కావడంతో నా క్వెరీ రెండింటినీ వదిలేసింది.

"తిరిగే ముందు నీరు కాసేపు నిలబడతాది బేటీ," అన్నాడాయన.

వెంటనే స్కూలుకు ఫోన్ చేసి ప్రయాణం ఆపించాను. మర్నాడు పదింటికి పాప చెయ్యి పట్టుకుని జెట్టీ మీద నిలబడితే, దిబ్బ ఉండే చోట నీళ్లే కనిపించాయి.

క్వెరీ అప్పుడే సరిచేశాను. అయినా ఇప్పటికీ, చదువు రాని ఆ మావయ్యకు వినిపించాకే పట్టీ గోడకెక్కుతుంది.