రహీమాబీ కొన్న వాకిలి

మా సున్నపు గల్లీలో రహీమాబీ కుట్టిన పరుపు లేని ఇల్లు లేదు. మా అమ్మాయి పెళ్లి పరుపు కూడా ఆమె చేతి పనే. మా అల్లుడు మా ఇంటి సామానులో నోరు తెరిచి మెచ్చుకున్నది అదొక్కటే. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నన్ను అతను ఇంతవరకు మెచ్చుకోలేదు.

జనగామ పాత బజారు వెనక, ఆటో వస్తే సైకిలు గోడకు ఒరగాల్సినంత ఇరుకు గల్లీ మాది. అంత ఇరుకులోనూ రహీమాబీ ఇంటి ముందు మాత్రం పెద్ద వాకిలి ఉండేది. ఇల్లంటే రెండు చిన్న గదులు, పైన రేకులు. ఆ రెండు గదులూ కలిపినా వాకిలిలో సగం ఉండవు.

ఆమె బచ్చన్నపేట నుంచి కోడలిగా వచ్చినప్పుడు భర్త అమీర్ అలీ దూది ఏకేవాడు. ఏళ్ల తరబడి మింగిన ఆ దుమ్ము ఆయన ఛాతీలో కూర్చుంది. ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, దవాఖాన, మళ్లీ మంచం. పని మొత్తం రహీమాబీ మీద పడింది. దూది ఎండబెట్టడం, కట్టెతో కొట్టడం, గుడ్డ పరిచి దూది నింపి కుట్టడం, అన్నీ వాకిట్లోనే. లోపల ఒక గదిలో ఆయన మంచం, ఇంకో గదిలో పొయ్యి. డబుల్ బెడ్ పరుపు పరచాలంటే వాకిలి తప్ప వేరే చోటు లేదు. ఆమె కూడు ఆ వాకిట్లోనే ఉంది, అది గల్లీలో అందరికీ తెలుసు.

ఆ ఇల్లు జగపతి పటేలుది. వాళ్లు అందులో కిరాయికి ఉండేవారు. జనగామ జిల్లా అయ్యాక భూముల ధరలకు రెక్కలొచ్చాయి. పటేలు ఇల్లు అమ్ముతాడని తెలిసి కొనేవాళ్లు క్యూ కట్టారు. ఆయన మాత్రం నేరుగా రహీమాబీ దగ్గరికి వచ్చాడు.

"వేరేటోళ్లకు అమ్మబుద్ధి అయితలేదు రహీమా. ఇన్నేండ్లు నువ్వే ఉన్నవు. ఇల్లు, వాకిలి నువ్వే తీస్కో" అన్నాడు.

ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాడి కోసం వెతికి వెతికి నేనే అలసిపోయాను.

ఇల్లు కొనడానికి ఆమె చేతి గాజులు పోయాయి, దూది ఏకే మిషను పోయింది, ఇంకా ఏమేం పోయాయో నేను అడగలేదు. రిజిస్ట్రేషన్ రోజు సాక్షిగా నేనే వెళ్లాను. దస్తావేజు రాసే కుర్రాడు కొలతలు అడిగాడు. "ఇంటి పన్ను కాగితంల ఉన్నయి గద, అవే పెట్టు" అన్నాడు పటేలు. పన్ను కాగితంలో ఉండేది కట్టిన ఇంటి కొలత. ఆ సంగతి అక్కడున్న ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మా వైపు వాకిలిని కొలిచే అలవాటే లేదు. ఇల్లన్నాక వాకిలి ఉంటుంది, 'ఇల్లువాకిలి' అని ఒక్క ఊపిరిలో అంటాం. ఊడ్చే వాకిలి, కల్లాపి చల్లే వాకిలి, మంచం వేసుకుని పడుకునే వాకిలి.

అయినా రహీమాబీ ఊరుకోలేదు.

"బిడ్డా, వాకిలి రాసినవా?" అని అడిగింది.

"రాసిన అవ్వా. 'ఇల్లు, వాకిలితో సహా' అని రాసిన, ఇగో" అని ఆ కుర్రాడు వేలు పెట్టి చూపించాడు.

ఆమెకు చదువు రాదు. ఆ ముక్క నేను చదివి చెప్పాను. అందరం చాయ్ తాగి ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం ఆమె గల్లీ అంతా సేమియా పంచింది.

తరవాత పటేలుకు వయసు మీద పడి, తనకున్న ఆస్తంతా కొడుకు సంజయ్ పేరున రాశాడు. పాత కాగితాలు చూసి రాసిన ఆ పత్రంలో 'సున్నపు గల్లీలో ఖాళీ జాగ' కూడా చేరింది. పటేలు చదవకుండానే సంతకం పెట్టాడు. కన్నకొడుక్కి ఇచ్చేది ఎవరు చదువుతారు?

పోయిన ఎండాకాలం సంజయ్ ఒక ట్రాక్టరు ఇటుకలు తెచ్చి వాకిట్లో దింపించాడు. దుకాణానికి కిరాయికిచ్చే మడిగె కడతాడట. ఎండబెట్టిన దూది ఎత్తుకోమని రహీమాబీకి మర్యాదగానే చెప్పాడు. ఆమె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను.

"ఏంది సంజయ్ ఇది? ఆమె కొన్న జాగల ఇటుకలేంది?" అన్నాను.

"సార్, నేను గుంజుకుంటలేను. కాగితం సూడుండ్రి. కొలతలు ఇంటి వరకే ఉన్నయి. ముంగట హద్దు ఏం రాసి ఉన్నది? 'జగపతి గారి ఖాళీ జాగ'. గా జాగ ఇప్పుడు నాది."

"వాకిలితో సహా అని రాసి ఉన్నది గదా?"

"వాకిలంటే దర్వాజ సార్. దర్వాజ ఆమెదే. ఎవలు కాదంటున్నరు?"

నాకు ఒళ్లు మండింది. "మరి గోడలతో సహా, రేకులతో సహా అని ఎందుకు రాయలేదయ్యా? దర్వాజ లేకుండ ఇల్లు అమ్ముతరా ఎవరన్న?" అన్నాను. గల్లీవాళ్లు నవ్వారు. సంజయ్ కూడా నవ్వి, ఫోన్లో నిఘంటువు తీసి నా ముందు పెట్టాడు. వాకిలి: ద్వారము, ఇంటి ముందరి స్థలము. "మీరు తెలుగు సారు గద, మీరే జెప్పుండ్రి, ఇది తప్పా?" అన్నాడు. తప్పు కాదు. రెండూ ఒప్పే. నా జన్మలో తెలుగు మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పెద్దమనుషుల్లో పెట్టాం. పటేలును కారులో తీసుకొచ్చారు. ఆయన కర్ర మీద రెండు చేతులు పెట్టి, "వాకిలంటే వాకిలే. నేను అమ్మిన, ఆమె కొన్నది" అన్నాడు. రహీమాబీ ముఖం వెలిగింది. ఇక అయిపోయిందనుకున్నాం.

"బాపూ, నువ్వు నాకు రాసిచ్చినవు. ఆ జాగ మీద బ్యాంకుల అప్పు తీస్కున్న. ఇప్పుడు ఎనుకకు ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు సంజయ్. గొంతు పెంచలేదు. పటేలు కొడుకు వైపు చూశాడు, రహీమాబీ వైపు చూశాడు, తరవాత నేల చూపులు చూశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు పూజారి ఇంట్లోనే అన్నం తింటున్నాడు.

వకీలు దగ్గరికి కూడా తీసుకెళ్లాను. ఆయన కాగితాలన్నీ చూసి, "కేసు నిలవడుతది. గని ఏండ్లు పడుతది. అప్పటిదాంక మీరు నిలవడుతరా?" అని అడిగాడు. రహీమాబీ భర్త మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయటికొచ్చాక, "వద్దు సారూ, పోదాం" అంది.

మడిగె లేచింది. ఇంటికి, గల్లీకి మధ్య మనిషి నడిచేంత సందు వదిలాడు సంజయ్. అది కూడా అతని మంచితనమేనట, పెద్దమనుషులు మెచ్చుకున్నారు. రహీమాబీ ఇంట్లోకి ఎండ రావడం ఆగిపోయింది. అమీర్ అలీ పగలు కూడా లైటు వేయమంటున్నాడు.

ఆమె ఊరికే కూర్చోలేదు. గల్లీలో గోనెపట్టా పరిచి కుట్టబోయింది. ఆటోవాళ్లు హారన్లు కొట్టారు, ఒకడు గుడ్డ మీదుగానే పోనిచ్చాడు. మా మేడ మీద కుట్టుకొమ్మన్నాను. ఎక్కేటప్పుడు ఆమె మోకాళ్లు పట్టేశాయి, పైన గాలికి దూది ఊరంతా ఎగిరింది. తలదిండ్లు మాత్రం గదిలో కుట్టింది. దిండ్లతో ఇల్లు గడవదు. పెళ్లిళ్ల కాలం వచ్చింది, పరుపులు కుట్టమని వచ్చినవాళ్లు సందు చూసి వెనక్కి పోయారు. నేను చూస్తూ ఉన్నాను. చూడటం తప్ప ఏం చేయలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఎదురింటివాడికే తెలుస్తుంది.

మడిగె మాత్రం ఖాళీగానే ఉంది. ఇంత ఇరుకు గల్లీలో దుకాణం ఎవడు పెడతాడు? 'కిరాయికి ఇవ్వబడును' అన్న అట్టముక్క షట్టరుకు వేలాడింది.

ఒకరోజు పొద్దున సంజయ్ బండి ఆపగానే రహీమాబీ కొంగు సర్దుకుని అతని ముందుకు వెళ్లింది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను.

"బిడ్డా, గా మడిగె నాకు కిరాయికియ్యి" అంది.

సంజయ్ షట్టరుకు వేలాడే అట్టముక్క వైపు చూశాడు. అతనికీ ఏదో గుచ్చుకున్నట్టే ఉంది. "సరే అవ్వా, నీకు జర తక్కువకే ఇస్త తియ్యి" అన్నాడు చివరికి.

అతను వెళ్లాక నేను ఉండబట్టలేక అరిచాను. "నీ వాకిలికి నువ్వు కిరాయి కడతవా రహీమాబీ? బుద్ధుందా?"

"ఏం జెయ్యాలె సారూ? ఇల్లు కొనకముందు గూడ కిరాయే కట్టిన గద" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

షట్టరు తాళం సంజయ్ తన దగ్గరే ఉంచుకున్నాడు, సగం మడిగెలో అతని సిమెంటు బస్తాలు ఉన్నాయి కాబట్టి. ఇప్పుడు రోజూ పొద్దున రహీమాబీ దూది మూట నెత్తిన పెట్టుకుని సందులోంచి బయటికి వస్తుంది. షట్టరు ముందు మూట దించి, అతని బండి చప్పుడు వచ్చేదాకా గల్లీలో నిలబడుతుంది.